ఎర్రరంగు కింద ఊరు

జనవరి 23, 2023, సోమవారం

మళ్లీ డైరీ మొదలుపెడుతున్నాను. మనుషులతో మాట్లాడితే ప్రతిసారీ గొడవలోనే తేలుతోంది. దీనికైతే ఎదురు చెప్పే నోరు లేదు.

ఇవాళ షాపుకు ఒకామె వచ్చింది. పేరు మల్లిక. మహబూబ్‌నగర్‌లో కాలేజీ లెక్చరరట, చరిత్ర చెబుతుందట. జిరాక్సుకేమో అనుకుని కాగితాల కోసం చెయ్యి చాచాను. ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవర్లు తీసి, వాటిలోని పాత పిక్చర్ కార్డులు ఒక్కొక్కటిగా కౌంటర్ మీద పరిచింది. వెనక్కి తిప్పకముందే తెలిసిపోయింది, మావే. తిప్పితే అదే ముద్ర: "గుర్వయ్య అండ్ సన్, పిక్చర్ కార్డుల ప్రచురణకర్తలు, కొల్లాపూర్".

గుర్వయ్య మా నాయిన. సన్ అంటే మా అన్న దామోదర్. ఆయనగారు జన్మలో ఒక్క కార్డు అంచు కత్తిరించిన పాపాన పోలేదు. ఆ కార్డుల్లో ఆకాశానికి నీలం వేసింది నేను, కట్టలు కట్టి ఆలంపూర్ బస్సెక్కించింది నేను. పెళ్లికి ముందూ నేనే, అత్తగారింటి నుంచి తిరిగొచ్చాకా నేనే. "అండ్ డాటర్" అని ఎవరూ వేసుకోరు. నాకేం పట్టింపు లేదు.

శివరాత్రికి ఇక్కడే పాత బంగళా హాల్లో ఒక ప్రదర్శన పెడుతున్నారట. శ్రీశైలం డ్యాము నిండినప్పుడు కృష్ణలో మునిగిపోయిన ఊళ్లు, ఆ ఊళ్ల మీద అప్పట్లో కార్డులు వేసినవాళ్లు. మా ఏటిగడ్డ కూడా ఉంది అందులో.

"అక్కా, మీ నాయిన గురించి చెప్పెటోళ్లు ఇంకెవ్వరు దొరకలె. జర మీరే చెప్పాలె" అంది.

నాయిన పోయాక ఆయన పని గురించి నన్ను ఒక్కరూ అడగలేదు. టీ తెప్పించాను. రెండోసారి కూడా తెప్పించాను.

జనవరి 24

మల్లికకు కార్డుల గురించి బాగానే తెలుసు. ముద్ర చూడకుండా ఏ కార్డు ఎవరిదో చెప్పేస్తుంది. నన్ను పరీక్షించింది, నేనూ ఆమెను పరీక్షించాను. ఇద్దరిలో ఎవరమూ ఓడిపోలేదు.

హైదరాబాద్ వాళ్లవి తళతళలాడతాయి. ఒకే కార్డులో నాలుగు బొమ్మలు ఇరికించి, మూలకు గులాబీ పువ్వు అతికిస్తారు. చార్మినార్‌కైనా గులాబీయే, నాగార్జునసాగర్‌కైనా గులాబీయే. మద్రాసు నుంచి వచ్చేవాటిలో గుడి మారుతుంది గానీ మబ్బు మారదు. ఆలంపూర్ మీదా అదే మబ్బు, శ్రీశైలం మీదా అదే మబ్బు. వాళ్లకు మంచి మబ్బు ఒక్కటే దొరికినట్టుంది.

ఆలంపూర్ బస్టాండులో కార్డులు వేసి అమ్మిన కాటమయ్యవి చూడగానే తెలుస్తాయి. అంచు ఉండదు, కోత వంకర. గుడి ముందు కుక్క, పిడకలు, ముక్కు తుడుచుకుంటున్న పిల్లలు, ఎవరివో ఎండేసిన బట్టలు. రంగు గీత దాటి పక్కవాడి మొహం మీదికి పోతుంది. నాయిన వాటిని చూసి "థూ, ఇది కార్డా, పంచనామా ఫోటోనా" అనేవాడు. ఆయన నోట్లోంచి ఆ మాట వస్తే నేనూ అదే అనేదాన్ని.

మావి వేరు. చుట్టూ తెల్లటి అంచు. నీలాకాశం. గుడి ఒక్కటే, దాని ముందు పచ్చిక, రెండు పక్కలా తాటిచెట్లు. మనిషి ఉండడు. పేరు మూలకు ఎర్రటి వాలు అక్షరాల్లో. ఎంత శుభ్రంగా ఉంటాయో. ఎవరికి పంపినా వాళ్లు గోడకు పెట్టుకునేవాళ్లు.

మల్లిక అన్నీ రాసుకుంది. నేను చెప్పినవి ఎవరైనా రాసుకోవడం ఇదే మొదలు.

జనవరి 27, శుక్రవారం

ఆమెను నెత్తిన ఎక్కించుకున్నందుకు నాకు బుద్ధి వచ్చింది.

ప్రదర్శనలో కార్డుల కింద పెట్టే రాతలు చూపించడానికి తెచ్చింది. కాటమయ్య వేసిన ఏటిగడ్డ కార్డు ఒకటుంది, పడవలోంచి తీసింది. రేవు పక్కనున్న ఇళ్లు, వెనక గుడి గోపురం కొంచెం. దాన్ని గోడంత పెద్దగా చేస్తారట. కింద: "ఊరిని చూసిన కన్ను". దాని పక్కన నాయిన కార్డు, మామూలు సైజులో. కింద: "ఊరిని తుడిచేసిన శైలి".

రెండుసార్లు చదివాను. నా ఒళ్లు మండిపోయింది.

"ఎవరు తుడిచిండ్రు? ఊరిని ముంచింది డ్యాము. మా నాయిన గాదు" అన్నాను.

"అక్కా, జర చూడున్రి. గుడి సుట్టు యాభై ఇండ్లు ఉండె అని మీరే చెప్పిండ్రు. ఈ కార్డుల ఒక్కటన్న కనిపిస్తుందా? అది అబద్ధమని అంటలేను. గట్ల చేసుడు గప్పటి ఒక పద్ధతి అంటున్న."

"పద్ధతి అంటే మంచిగ రాయొచ్చు గద. తుడిచేసిన అని ఎందుకు?"

"మరి ఏమని రాయాలె, మీరే చెప్పున్రి."

కార్డులన్నీ ఆమె కవర్లలోకి తోసి, షాపు మూసే టైమైందని చెప్పాను. మధ్యాహ్నం మూడు కూడా కాలేదు.

జనవరి 28

ఆమె మొహం చూడను.

జనవరి 30, సోమవారం

సైదమ్మ పెద్దమ్మ వచ్చింది. ఏటిగడ్డలో మా ఇంటి గోడా వాళ్ల ఇంటి గోడా ఒకటే. ఇప్పుడు ముంపు కాలనీలో ఉంటోంది. ప్రతి ఏడూ శివరాత్రి ముందర వచ్చి ఒకటే అడుగుతుంది.

"బిడ్డా, మా ఇల్లు ఉన్న కార్డు ఇయ్యి."

నాయిన ఉన్నప్పుడు ఆయన్ని అడిగేది. ఆయన గుడి కార్డు తీసి ఇచ్చి పంపేవాడు. ఆయన పోయాక నేనూ అదే ఇస్తున్నాను. ఆమె దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఎడమ పక్క తాటిచెట్టు మీద వేలు పెట్టి, "గీడ మా ఇల్లు, గీ పక్కకు మీది, మీ గొర్ల దొడ్డి" అంటుంది. పక్కన ఎవరుంటే వాళ్లకు చూపిస్తుంది. వాళ్లు తాటిచెట్టు చూసి తలూపుతారు.

ఇవాళ కూడా వేలు పెట్టింది. నాకు చిరాకేసి, "పెద్దమ్మా, గది తాటిచెట్టు" అన్నాను.

"చెట్టేందే? మనూళ్లె తాటిచెట్టు యాడుండె?" అంది.

నిజమే. ఏటిగడ్డలో ఒక్క తాటిచెట్టు కూడా లేదు. నాకు ఇంతవరకూ అది తట్టనే లేదంటే నేనే నమ్మలేకపోతున్నాను. ఏళ్ల తరబడి ఆ చెట్లకు ఆకుపచ్చ వేసింది నేనే కదా.

ఫిబ్రవరి 2

మోత్కూరుకు అన్నకు ఫోన్ చేశాను. మల్లిక పెట్టబోయే రాత చెప్పి వినిపించాను. చాలాసేపు విని, "పేరైతే ఉన్నది గద? గుర్వయ్య అండ్ సన్ అని పెద్దగ రాయమను. నేను ఓపెనింగుకు వస్త" అన్నాడు.

తుడిచేసిన అని రాస్తున్నారన్నా అంటే, "గవన్ని ఎవ్వరు సదువుతరు చెల్లె, ఫోటోలే చూస్తరు. ఊకె ఫికర్ జెయ్యకు" అన్నాడు. తర్వాత తన షుగరు గురించి, పొలం దగ్గర బోరు గురించి చెప్పాడు. నేను ఊ కొట్టాను.

నాయిన గురించి నాకున్న బాధ ఆయనకు లేదు. ఉండాల్సిన అవసరం కూడా లేదేమో, సన్ అని ఎప్పుడో అచ్చయిపోయింది కాబట్టి.

ఫిబ్రవరి 4, శనివారం

దారి దొరికింది. మల్లిక నోరు మూయించే దారి.

పొద్దున నాయిన రేకు పెట్టె దించాను. పైన దుమ్ము తప్ప లోపలంతా ఆయన సర్దినట్టే ఉంది. నెగటివ్‌లు ఒక్కొక్కటీ సన్నకాగితంలో. వెలుతురుకు పట్టి చూశాను. గుడి చుట్టూ అంతా ఎర్రరంగు.

నాయిన పద్ధతి ఇది. నెగటివ్ మీద ఏది కనిపించొద్దనుకుంటే దాని మీద ఎర్రరంగు పూసేవాడు. రంగు ఉన్నచోట వెలుతురు దాటదు కాబట్టి ప్రింటులో అక్కడ తెల్లగా వస్తుంది. ఆ తెలుపు మీద కుంచెతో పచ్చిక, తాటిచెట్లు గీసేవాడు. దాన్ని మళ్లీ ఫోటో తీసి ప్రెస్సుకు పంపేవాడు. కర్నూల్లో ఒక స్టూడియోలో నేర్చుకున్న పని. గొర్లు కాసే ఇంట్లో పుట్టి ఇదంతా నేర్చుకున్నాడు. ఎవరి సాయం లేకుండా.

అయితే ఆయన రంగు పూసేది నున్నటి వైపు. బొమ్మ ఉండేది మసక వైపు. నీళ్లలో తడిపిన దూదితో తుడిస్తే ఆ ఎర్రరంగు పోతుంది, బొమ్మకేం కాదు. అంటే ఆ ఇళ్లన్నీ ఇంకా అక్కడే ఉన్నాయి. నాయిన ఊరిని తుడవలేదు. ఊరంతటినీ ఫోటో తీసి, దాచిపెట్టాడు. కార్డు కొనేవాళ్లకు పిడకలు నచ్చవు కాబట్టి పైన ఒక గుడ్డ కప్పాడు, అంతే.

ఇది తెలిశాక ఆ రాత ఎలా పెడుతుందో చూస్తాను.

ఇంకో మాట. ఏటిగడ్డ గుడి పెద్ద నెగటివ్ తీసిన రోజు నాకు గుర్తుంది. నాకు పన్నెండేళ్లు. నన్ను గొర్లు తోలుకుపొమ్మన్నారు, అటు పోతూ వెనక్కి చూశాను. నాయిన నల్లగుడ్డ కింద తల పెట్టి ఉన్నాడు. అమ్మ మా ఇంటి గడపలో నిలబడి ఉంది.

అమ్మ ఫోటో మా దగ్గర ఒక్కటీ లేదు. ఊళ్లో అందరికీ ఫోటోలు తీసినవాడు ఇంట్లోవాళ్లకు తీయలేదు. ఫిల్ము దండగ అనేవాడు. కాలనీకి వచ్చిన కొన్నేళ్లకే అమ్మ పోయింది. సంవత్సరీకానికి ఫోటో లేక పీట మీద చీర పెట్టి దండ వేశాం. ఇప్పుడు మొహం గుర్తు చేసుకుందామంటే ఒకసారి ముక్కు వస్తుంది, ఒకసారి నుదురు వస్తుంది, రెండూ కలిసి రావు.

నేను కడిగేది మాత్రం నాయిన పేరు కోసం. అమ్మ ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు.

ఫిబ్రవరి 6, సోమవారం

మల్లికకు ఫోన్ చేసి పిలిచాను. ముఖం చూడనన్న మాట నాకు గుర్తుంది. అవసరం నాది.

ముందు చిన్న నెగటివ్ కడిగాను, గుడి వెనక వైపుది. గిన్నెలో చల్లటి నీళ్లు, దూది. మొదట గులాబీ రంగు నీళ్లు కారాయి, తర్వాత ఎర్రగా. తుడుస్తూ పోతుంటే ఒక చూరు వచ్చింది. చూరు కింద కుండలు. గాటికి కట్టేసిన ఎద్దు. నులక మంచం మీద పడుకున్న ఎవరో ముసలాయన, కాళ్లు బయటికి.

మల్లిక అరిచినంత పని చేసింది. "అక్కా! ఇంత మంచిగ తీసి, దీని మీద రంగు పూసిండా?"

"పూసిండు. పోగొట్టలె" అన్నాను.

"గా రాత మారుస్త అక్కా. తప్పైంది."

ఏమని మారుస్తావంటే, కొంచెం ఆలోచించి, "ఊరిని దాచిన కన్ను" అంది. బాగుంది. చాలా బాగుంది. కాటమయ్య కార్డు చిన్నగా పెట్టి, నాయిన పెద్ద నెగటివ్‌తో చేసిన ప్రింటును గోడంత చేస్తానంది. నాయిన బతికుంటే ఆ మాటకు మీసం దువ్వుకునేవాడు.

రాత్రి అన్నం రుచిగా ఉంది.

ఫిబ్రవరి 7

రేపు పెద్ద నెగటివ్. మల్లికను రావొద్దన్నాను. అది నేనొక్కదాన్నే కడగాలి.

ఫిబ్రవరి 8, బుధవారం

పొద్దున పది గంటలకు షట్టర్ సగం దించి కూర్చున్నాను. కుడి పక్క నుంచి మొదలుపెట్టాను. ఎడమ పక్క చివరకు మిగుల్చుకున్నాను, తీపి చివర తినేవాళ్లలాగా.

కుడి పక్క కోమటింటి అరుగు వచ్చింది. అరుగు మీద కూర్చున్న నలుగురు. కుక్క. మంగలాయన కూర్చునే చెట్టు, అది వేపచెట్టు. గుడి మెట్ల మీద చెప్పులు. నీళ్ల బిందెతో పోతున్న ఎవరో, కదిలినందుకు మసకగా. ఎడమకు వస్తూ సైదమ్మ పెద్దమ్మ ఇల్లు. పందిరి, పందిరి మీద సొరతీగ, గోడకు ఆనించిన రోకలి. చూస్తూ ఏడ్చాను. తర్వాత మా గోడ.

మా గోడ మీద రంగు తుడిచాను. రంగు పోయింది. కింద ఏమీ లేదు.

దూది మార్చి మళ్లీ తుడిచాను. నా చెయ్యి గట్టిగా పడి బొమ్మ పోయిందేమో అనుకున్నాను. నెగటివ్ ఆరనిచ్చి వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి చూశాను.

మసక వైపు గీతలు. దగ్గర దగ్గరగా, పైనుంచి కిందికి. బ్లేడు గీతలు. గడప, గోడ, దొడ్డి, కప్పు, ఏ మూలా వదలకుండా మా ఇల్లు ఎంత ఉందో అంతా గీకేసి ఉంది. ఇంటి ఆకారం మాత్రం మిగిలింది.

పక్కింటి రోకలికి ఏం కాలేదు. గోడ ఒకటే. బ్లేడు ఆ గోడ దగ్గర ఆగింది.

ఫిబ్రవరి 9

షాపు తెరవలేదు.

ఫిబ్రవరి 11, శనివారం

నిన్నంతా నాయిన తరఫున వాదించాను. బ్లేడు జారి ఉంటుంది. ఎలుకలు కొరికి ఉంటాయి. ఫిల్ము పాడై ఉంటుంది. కాలనీకి సామాను తెచ్చేటప్పుడు రాసుకుపోయి ఉంటుంది. ఎలుకలు అంత తిన్నగా కొరకవని నాకు తెలుసు. అయినా వాదించాను.

ఇవాళ ఆ వాదన అయిపోయింది. ఆయనే నాకు నేర్పాడు. "రంగు పూస్తే తెల్లగ వస్తది, బ్లేడు పెడితే నల్లగ వస్తది. రంగు ఎప్పుడన్న కడుక్కోవచ్చు. బ్లేడు పెట్టినంక బ్రహ్మదేవుడొచ్చినా రాదు. అందుకే బ్లేడు ముట్టుకునే ముందు మంచిగ ఆలోచించాలె పుష్పా" అనేవాడు. తెల్లగా రావడానికి రంగు సరిపోయేది. కార్డు కోసమైతే బ్లేడుతో పనే లేదు. ముందు బ్లేడుతో గీకి, ఆ తర్వాత అందరి ఇళ్లతో పాటు దాని మీద కూడా రంగు పూశాడు. అందరి ఇళ్లూ కార్డులో పడొద్దనుకున్నాడు. మా ఇల్లు మాత్రం ఎక్కడా, ఎప్పటికీ ఉండొద్దనుకున్నాడు.

ఎందుకో నాకు తెలుసు. తెలియనట్టు ఇన్నేళ్లు నటించాను. కర్నూలు ప్రెస్సుకు పోయే రోజు ఆయన కాలవ దగ్గర స్నానం చేసి, అక్కడే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఇంటికి రాకుండానే బస్సెక్కేవాడు. ఇంట్లోకి వస్తే గొర్ల వాసన పడుతుందని. ఒకసారి ప్రెస్సాయన మా ఊరికి వస్తే, గుడి దగ్గర నిలబెట్టే మాట్లాడి పంపాడు. "మీ ఇల్లెక్కడ గుర్వయ్యగారూ" అంటే "అవతలి వీధి" అన్నాడు. మా దొడ్డి ఆయన వీపు వెనకే ఉంది. అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని గడపలో నిలబడే ఉంది. ఆమె వైపు చూడకుండా ఆయన్ని బస్టాండు దాకా తీసుకుపోయాడు.

సిగ్గుపడ్డాడు. మమ్మల్ని చూసి. ఆ గొర్లను అమ్మిన డబ్బుతోనే ఆయన కెమెరా కొన్నాడు, ఆ సంగతి వేరే.

నేను ఈ మనిషి పేరు కోసం మల్లికతో కొట్లాడాను.

ఫిబ్రవరి 13, సోమవారం

పెద్ద నెగటివ్ మల్లికకు ఇచ్చేశాను. దాచుదామనీ అనుకున్నాను, పొయ్యిలో పడేద్దామనీ అనుకున్నాను. కానీ అందులో సైదమ్మ పెద్దమ్మ సొరతీగ ఉంది. కోమటి అరుగు మీద నలుగురున్నారు. మా ఇంటి పాపానికి వాళ్లను కాల్చడానికి నేనెవరు.

ఇవాళ మల్లిక ప్రింటు తెచ్చింది. చాపలాగా చుట్టి తెచ్చింది. బంగళా హాల్లో నేల మీద పరిచాం. ఏటిగడ్డ మొత్తం వచ్చింది. ఎడమ పక్కన నిలువెత్తు నలుపు. సరిగ్గా ఒక ఇల్లంత.

"అక్కా, దీన్ని కంప్యూటర్ల నింపొచ్చు. పక్కన ఉన్న ఇల్లును చూసి అట్లనే గోడ, అట్లనే కప్పు పెట్టిస్త. చూసెటోళ్లకు తెల్వది" అంది మెల్లగా. పాపం, నా మంచికే అంది.

"తాటిచెట్టు గూడ పెట్టిపియ్యరాదు" అన్నాను.

ఆమె వంగి ప్రింటు అంచు సర్దింది. నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. "మరి ఏం చేద్దామక్కా?" అని అడిగింది.

"ఎట్లున్నదో గట్లనే పెట్టు."

"రాత?"

రాత నాకు తెలియదన్నాను. అప్పటిదాకా పేరు, ఊరు, ఏడాది మాత్రం రాసి ఉంచమన్నాను. "ఊరిని దాచిన కన్ను" తీసేయమన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. తెలివైన మనిషి.

ఫిబ్రవరి 16

అన్న ఫోన్. కొత్త చొక్కా కుట్టించుకున్నాడట. అమ్మ మొహం గుర్తుందా అన్నా అని అడిగాను.

"గదేం ప్రశ్న చెల్లె? ఎందుకు గుర్తుండది" అన్నాడు. ఎలా ఉండేది చెప్పమన్నాను. బస్సు టైం చెప్పాడు.

ఫిబ్రవరి 19, ఆదివారం

నిన్న శివరాత్రి. నిన్న రాయడం నా వల్ల కాలేదు, ఇవాళ రాస్తున్నాను.

కాలనీ వాళ్లు గుడికి పోయి, అటు నుంచి అటే బంగళాకు వచ్చారు. ఒక్క పొద్దులతో, విబూది బొట్లతో, పిల్లలను చంకనేసుకుని. హైదరాబాద్ కార్డుల దగ్గర, మద్రాసు మబ్బుల దగ్గర ఎవరూ ఆగలేదు. అందరూ తిన్నగా పెద్ద ఫోటో దగ్గరికి పోయారు. ఒక ముసలాయన "అగొ, మా అరుగు" అన్నాడు. అంతే, హాలంతా ఒకటే లొల్లి. మా గాటి, మా బావి గిలక, అగొ మా పెద్దనాయిన, గీ కుక్క పేరు గిది. మనవళ్లను ఎత్తుకుని చూపించారు. ఒకామె చెప్పులు విప్పి దండం పెట్టింది, గుడికి కాదు, పక్కనున్న పశువుల కొట్టానికి.

అన్న కొత్త చొక్కాలో ముందే నిలబడ్డాడు. "గుర్వయ్య అండ్ సన్" అని పక్కన పెట్టిన పాత కార్డు ముద్ర మీద వేలు పెట్టి చూపిస్తూ ఫోటోలు దిగాడు. వచ్చినవాళ్లు ఆయన చెయ్యి పట్టుకుని, "మీ నాయిన మా ఊరిని బతికిచ్చిండయ్యా" అన్నారు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ నలుపు ఆయన వీపు వెనకే ఉంది. ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

సైదమ్మ పెద్దమ్మ అందరి తర్వాత వచ్చింది. నన్ను పట్టుకుని నడిచింది. ఈసారి వేలు పెట్టి వెతకాల్సిన పని లేకపోయింది. సొరతీగను చూసి చిన్నపిల్లలా నవ్వింది. రోకలిని తడిమింది. ఆ వేలు అలాగే గోడ దాటి పక్కకు జరిగి, నలుపు మీద ఆగింది.

"గిదేందే గిట్లున్నది? మీ ఇల్లు యాడ?"

"గదే పెద్దమ్మా మా ఇల్లు. పోయింది" అన్నాను.

"ఎట్ల పోతది? మీ అమ్మ ఉండాలె గద గీడ." ఆమె కళ్లు చిట్లించి నలుపులోకి చూసింది. "నాకు మంచిగ గుర్తున్నది బిడ్డా. గా దినం పొద్దుగాల్నే వచ్చి నా పెట్టెల చీర అడుక్కున్నది. పచ్చంచు చీర. నా పెండ్లి చీర. ఎందుకే గోపమ్మా అంటే, 'మా ఆయన ఫోటో తీస్త అన్నడక్కా. ముందుగాల గుడిది తీసి, తర్వాత నిన్ను తీస్త, గడపల నిలబడు అన్నడు' అన్నది. పూలు గూడ పెట్టుకున్నది. మా తీగ పక్క పొంటి నిలబడి, కొంగు ఇట్ల సర్దుకుంట, అట్ల సర్దుకుంట..."

"తర్వాత తీసిండా పెద్దమ్మా?"

"ఏం తీసిండు. గుడిది తీసుడైనంక డబ్బ కట్టుకొని పోయిండు. గామె పొద్దుగూకెదాక గడపల నిలబడ్డది. మల్లొచ్చి తీస్తడేమో అని. సందెలైనంక నేనే పోయి, 'ఇగ లోపలికి పోవే, గొర్లొస్తున్నయి' అన్న. చీర మడత గూడ నలగనియ్యకుండ ఇచ్చింది."

పెద్దమ్మ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నాకు వినబడలేదు. అంటే అమ్మ ఆ నెగటివ్‌లో పొరపాటున పడలేదు. నిలబడమంటే నిలబడింది. తనను కూడా తీస్తున్నాడనే అనుకుంది. ఇంకొకరి చీర కట్టుకుని, పూలు పెట్టుకుని, కెమెరా వైపు చూస్తూ నిలబడ్డ మనిషిని ఆయన అద్దం బల్ల మీద పెట్టుకుని, వెలుతురు వేసి, ఆ మొహాన్ని చూస్తూ గీకాడు. ఆ మొహం చివరిసారి చూసినవాడు ఆయనే.

చచ్చినవాడిని తిట్టకూడదంటారు. తిట్టాను. హాలు మధ్యలో నిలబడి, నోట్లో నోట్లో, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆయన మీద నాకున్న ప్రేమ పోలేదు, అదే నా ఖర్మ. అది కూడా కలిపి తిట్టాను.

మల్లిక దగ్గరకు వచ్చింది. ఫోటో కింద అట్ట మీద పేరు, ఊరు, ఏడాది, ఆ పక్కన సగం ఖాళీ. "అక్కా, రాత..." అని ఆగింది. నేను చెయ్యి చాచాను. ఆమె బ్యాగులోంచి నల్ల స్కెచ్ పెన్ను తీసి ఇచ్చింది. అన్న "ఏం రాస్తున్నవ్ చెల్లె? పేరు ఇంక పెద్దగ రాస్తున్నవా?" అని అడిగాడు. ఆ ఖాళీలో ఒక్కో అక్షరం దిద్ది రాశాను. కాలనీ వాళ్లలో చదువుకున్న ఒక అమ్మాయి వెనకనుంచి గట్టిగా అందరికీ చదివి వినిపించింది:

"ఏటిగడ్డ, 1978. ఫోటో, ప్రచురణ: గుర్వయ్య. నల్లగా ఉన్నచోట గోపమ్మ నిలబడి ఉంది."